రెండోసారి ఫీజు

జూన్ 6

ఒరేయ్ తమ్ముడూ,

కవరు చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోనుండగా ఈ కాగితాలేమిటని మా మరదలు నవ్వుతుంది, నవ్వనీ. ఫోన్లో నువ్వు "ఊ, ఊ" అంటుంటావు, పక్కన ఎవడో ఫైలు అడుగుతుంటాడు, నేను చెప్పింది సగం నీ చెవిలోకీ సగం గాల్లోకీ పోతుంది. పైగా పొద్దస్తమానం షెడ్డులోనే ఉంటాను కదా, మీ బావ పక్కనే ఉంటారు. ఆయన గురించి ఆయన ముందే ఎలా చెప్పను?

షెడ్డు మామూలే. బండి వస్తుంది, నేను కిటికీ వెనక కూర్చుని ఫీజు తీసుకుని రసీదు రాస్తాను, మీ బావ గోతిలోకి దిగి కింద నుంచి బండి పొట్టంతా తడిమి చూస్తారు, తర్వాత రోలర్ల మీదకి ఎక్కించి బ్రేకులు పట్టిస్తారు. అంతా బాగుంటే ఫిట్‌నెస్ కాగితం మీద ముద్ర. బాగోకపోతే ఒకటే మాట, "బాగు చేయించుకుని మళ్ళీ రా." డ్రైవర్లు ఆయనకి మళ్ళీరా అనే పేరు పెట్టేశారు, నీకు చెప్పానో లేదో. పెద్ద రోడ్డు మీద కొత్తగా షెడ్డు పెట్టినాయన ఏ బండి వచ్చినా "సరేలే" అంటాడట, ఆయన సరేలే అయ్యాడు. ఊరంతా ఈ రెండు పేర్లే.

ఫీజు మీ ప్రభుత్వం ఖాయం చేసిందే. సగం మీకు, సగం మాకు. ఫెయిలైన బండి పదిహేను రోజుల్లో మళ్ళీ వస్తే ఊరికే చూడాలి, అది కూడా మీ రూలే. మొన్న ఒకాయన అదే బండితో మూడోసారి వచ్చాడు. మీ బావకి కోపం లేదు సరికదా, పెళ్ళివారు వచ్చినట్టు ఎదురెళ్ళారు. "ఇలా ఊరికే వచ్చేవాళ్ళే మనల్ని తినేస్తున్నారు, మా తమ్ముడు ఆ ఫీజుల సెక్షన్లో కూర్చుని ఏం చేస్తున్నట్టు, వీళ్ళ దగ్గర కూడా నాలుగు డబ్బులు వసూలు చేయించకూడదూ" అన్నాను. అసలు సంగతి అది కాదులే. బ్రేకుల రోలర్లు ముసలివైపోయాయి, తిరిగినప్పుడల్లా మూలుగుతున్నాయి. మీ బావ మోకాళ్ళూ అంతే. గోడ మీద మీరు అంటించిన కాగితంలో, ఫీజులో మీ వాటా రహదారి భద్రత నిధికి పోతుందని, అందులోంచి షెడ్లకి యంత్రాలు ఇస్తారని ఉంది. ఆ నిధి ఏ రహదారి పట్టుకుని పోయిందో కాస్త కనుక్కో.

నేను రాసినట్టు మీ బావకి చెప్పకు. బావమరిదిని సాయం అడిగానంటే తల తీసేసినట్టు బాధపడతారు.

నీ అక్క

జూన్ 19

అక్కకి నమస్కారాలు. బావకి కూడా, ఆయనకి చెప్పకుండానే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆఫీసులో ఇంత శ్రద్ధగా ఏదీ చదవను, నీకు తెలుసు.

నిధి సంగతి అడిగావు. ఉంది, కాగితం మీద. మీలాంటి షెడ్లన్నీ పంపిన వాటా అందులోనే జమవుతుంది. ఏడాది చివర్లో ఆర్థిక శాఖవాళ్ళు వచ్చి, ఖజానాలో గుంట పడింది, ఇది అటు సర్దుతాం అంటారు. సర్దేస్తారు. ఒకసారి జీతాలకి పోయింది, ఒకసారి ఎక్కడో భవనానికి పోయింది. మా సెక్షన్లో కొత్త కుర్చీలు కూడా అందులోవేనని వినికిడి. కూర్చున్నప్పుడల్లా బావ గుర్తొస్తున్నారు. కాబట్టి యంత్రం గురించి ఇప్పుడు నేను ఏమీ మాటివ్వలేను.

అయితే నువ్వు రాసినదాంట్లో ఒక ముక్క నా బుర్రలో పడింది. ఏదో ఇప్పుడు చెప్పను. ఫీజులు సవరించే ఫైలు ఇన్నేళ్ళకి కదిలింది, అది ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. ఇంతకన్నా రాయకూడదు. ఓపిక పట్టు. బావకి ఒక్క మాట కూడా చెప్పను, నీ మీద ఒట్టు.

పిల్లకి జ్వరం తగ్గింది. మీ మరదలు నవ్వలేదు, తనకి కూడా రాయమంది.

తమ్ముడు

జూలై 2

నాయనా,

అర్థమైందిలే. ప్రభుత్వంలో ఉన్నవాళ్ళు ఔనన్నా కాదన్నట్టే రాస్తారని ఆ మాత్రం నాకు తెలీదా? "యంత్రం గురించి మాటివ్వలేను" అని ఒక లైనులో రాసి, కింది లైనులోనే ఓపిక పట్టమన్నావు. పట్టాను. షెడ్డులో ఎడమవైపు మూల పాత టైర్లన్నీ తీయించి శుభ్రం చేయించాను. ఎందుకని మీ బావ అడిగితే, ఊరికే చీకటిగా ఉందని అన్నాను. టేపుతో కొలిచాను కూడా. కొత్త యంత్రం బాగానే పడుతుంది.

ఇంకో మాట. బస్సు డిపో వర్క్‌షాపులో మీ బావని రమ్మన్నారు. బండ్లు చూసే పనే, కూర్చుని చేసేది, నెలనెలా జీతం. ఆయన మనసు కాస్త అటే లాగింది, మోకాళ్ళ వల్ల. నేనే అడ్డం పడ్డాను. ఇన్నాళ్ళు నడిపిన షెడ్డు, ఇంకొన్నాళ్ళు చూద్దాం, రోజులు మారొచ్చు అన్నాను. "నీకేదో తెలుసు" అన్నారు నా మొహం చూసి. తెలీదన్నాను. మా తమ్ముడు ఊరికే ఆశ పెట్టే రకం కాదని మనసులో అనుకున్నాను.

మరదలికి విడిగా రాస్తాను. చిన్నదానికి వేళకి పెట్టమను, మన వంశంలో జ్వరం వచ్చాక తిండి ఎగ్గొట్టడం అందరికీ ఉంది.

అక్క

ఆగస్టు 11

అక్కా, ముందు తీపి కబురు.

ఆర్డరు వచ్చేసింది. ఈ వారంలో మీ షెడ్డుకి కాపీ అందుతుంది. మొదటి పరీక్ష ఫీజు కొంచెం పెరిగింది, ఆ పెంపు మొత్తం ఖజానాకే, దాని మీద ఆశ పెట్టుకోకు. అసలు విషయం దాని కింది పేరా. నేను రాసింది. ఇకమీదట ఫెయిలైన బండి రెండోసారి వస్తే ఊరికే చూడక్కర్లేదు, సగం ఫీజు కట్టాల్సిందే.

ఇది ఎలా పుట్టిందో నీకు తెలుసు. "వీళ్ళే మనల్ని తినేస్తున్నారు" అని నువ్వు రాసింది చదివిన రోజే నోట్ పెట్టాను. నేను పెట్టిన నోట్‌లో ఆ ఫీజు మొత్తం షెడ్డుకే. ఫైలు ఆర్థిక శాఖకి వెళ్ళింది. అక్కడ ఒక పెద్దాయన ఉంటారు, ఏ ఫైలు తెరిచినా ఆయన అడిగేది ఒక్కటే, "ఇందులో ఖజానాకి ఏముంది?" ఏమీ లేదంటే ఫైలు కట్టేస్తారు. చివరికి ఎక్కువ భాగం ఖజానాకి, తక్కువ భాగం మీకు అని తేలింది. కొంచెమే అయినా, ఇదివరకు సున్నా కదా. బావ చేసే కష్టానికి ఎవరో ఒకరు విలువ కట్టారు, అది నేనైనందుకు సంతోషంగా ఉంది.

ఈ కోరిక చిన్న షెడ్ల నుంచే వచ్చిందని నోట్‌లో రాశాను. పైవాళ్ళు ఎవరు అడిగారని అడుగుతారు మరి. పేరు రాయలేదులే. అబద్ధం కూడా కాదు.

మూల ఖాళీ చేయించావు కదా, అక్కడ ఒక బల్ల వేయించు. రెండోసారి వచ్చేవాళ్ళు డబ్బు కట్టే మనుషులు ఇక, కూర్చోబెట్టాలి.

బావకి ఇప్పుడు చెప్పొచ్చు. నా పేరు చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం.

నీ తమ్ముడు

ఆగస్టు 25

తమ్ముడికి,

ఆర్డరు అందింది. పాత కాగితం చింపి కొత్తది గోడకి అంటించాం. మీ బావ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. నువ్వు చాలా కష్టపడ్డావని తెలుస్తూనే ఉంది. మాకోసం అంత ఆలోచించినందుకు సంతోషం.

ఈ మధ్య షెడ్డులో తీరిక ఎక్కువైంది. కిటికీ తెర ఎప్పటినుంచో కుడదామనుకుంటున్నాను, కుట్టాను. మీ బావ గోతి గోడలకి సున్నం వేశారు. కిందికి దిగే పని తగ్గింది కాబట్టి మోకాళ్ళకి కొంచెం నయం.

బల్ల ఇంకా వేయించలేదు. చూద్దాం.

మీరంతా కులాసా అని తలుస్తాను.

అక్క

సెప్టెంబర్ 9

అక్కా,

నీ ఉత్తరం మరీ పొదుపుగా ఉంది, పని హడావిడిలో రాశావనుకుంటాను. బావ మోకాళ్ళకి నయమని చదివి ఎంత హాయిగా అనిపించిందో. గోతికి సున్నం కూడానా? షెడ్డుకి కళ వచ్చిందన్నమాట.

ఇక్కడ నా పరిస్థితి ఏమిటో విను. రాష్ట్రం మొత్తం మీద ఫెయిలయ్యే బండ్లు సగానికి సగం తగ్గిపోయాయి. జనం ఫీజు భయానికి ముందే బాగు చేయించుకుని వస్తున్నారని మా పై అధికారి సంబరం. మీటింగులో నన్ను లేపి నిలబెట్టి మెచ్చుకున్నారు. జన్మలో మొదటిసారి. నేను నిలబడి, ఇది చిన్న షెడ్డు నడిపే మా బావగారి అనుభవంలోంచి వచ్చిన ఆలోచనండీ అన్నాను. అందరూ బల్ల చరిచారు. ఆ నోట్ జిల్లాల్లో ఇన్‌స్పెక్టర్లందరికీ పంపారు, షెడ్లవాళ్ళకి చదివి వినిపించమని.

రెండోసారి వచ్చేవాళ్ళు తగ్గారు కాబట్టి ఖజానా పెద్దాయన మాత్రం కాస్త మొహం చిన్నబుచ్చుకున్నాడు. అంచనా వేసినంత రావట్లేదట. ఆయనకి బండ్లు బాగుపడినా బాధే.

మీ దగ్గర ఎలా ఉంది? బావ ఏమన్నారో రాయలేదు నువ్వు.

తమ్ముడు

సెప్టెంబర్ 21

ఒరేయ్,

బావ ఏమన్నారో అడిగావు కదా, చెప్తాను విను. ముందే చెప్తున్నా, ఇది కోపంగానే రాస్తున్నాను.

బండ్లు బాగుపడలేదు. సరేలే దగ్గరికి పోతున్నాయి. ఫెయిలయ్యేవి తగ్గలేదురా, ఫెయిల్ చేసేవాళ్ళు తగ్గారు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు బల్ల చరిచేముందు ఒక్కడికైనా తట్టలేదా? ఇదివరకు మీ బావ మళ్ళీ రా అంటే డ్రైవరు విసుక్కుని పోయి, బాగు చేయించుకుని వచ్చేవాడు, ఎందుకంటే రెండోసారి ఊరికే. తిట్టుకుంటూనే వచ్చేవాళ్ళు. కొండ దిగేటప్పుడు మళ్ళీరా ముద్ర ఉంటే నిశ్చింత అని వాళ్ళే అనేవాళ్ళు. ఇప్పుడు మళ్ళీ రా అంటే మళ్ళీ డబ్బు కట్టు అని అర్థం. అలాంటి మనిషి గుమ్మం ఎవరు తొక్కుతారు? ఆర్డరు అంటించిన వారానికే షెడ్డు ఖాళీ. నేను తెర కుట్టానని రాస్తే నీకు కళ కనిపించింది.

నేను వేళాకోళానికి అన్న మాటరా అది. మొగుడిని ఆటపట్టించడానికి అన్నది. అడిగింది యంత్రం. నేను అడిగింది వదిలేసి, ఆట పట్టుకున్నావు.

మొన్న ఇన్‌స్పెక్టరు వచ్చి గేటు దగ్గర నీ నోట్ చదివాడు. నలుగురు డ్రైవర్లు ఉన్నారు. చిన్న షెడ్లే అడిగాయి అని చదివి, మీ బావమరిదిగారే రాశారటండీ, అని నవ్వాడు. ఒకాయన, ఇన్నేళ్ళ నుంచి మా దగ్గరే చూపించుకునేవాడు, "మీరే అడిగారా అన్నా ఇది?" అన్నాడు. మీ బావ నా వైపు చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను. ఆ సాయంత్రం అన్నీ చెప్పేశాను, ఉత్తరం రాసిన సంగతీ, మూల ఎందుకు ఖాళీ చేయించానో కూడా.

అసలు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు. నిన్న కూరగాయల మినీ లారీ ఆయన వచ్చాడు. సరేలే దగ్గరికి పోకుండా మిగిలినవాళ్ళలో ఒకడు. వెనక కుడివైపు బ్రేకు సరిగ్గా పట్టట్లేదు, రోలర్ల మీద తెలిసిపోయింది. మీ బావ "మళ్ళీ" అని, ఆగిపోయారు. లారీ ఆయన నెమ్మదిగానే అన్నాడు, "అన్నా, నా దగ్గర ఉన్నది ఒకదానికే సరిపోతుంది. బ్రేకు లైనింగ్ వేయించనా, మీకు రెండోసారి కట్టనా? కాగితం లేకపోతే రేపు బండి రోడ్డెక్కదు." ఆ ఫీజు మనం కడదామండీ అన్నాను కిటికీలోంచి. "ఎంతమందికి కడతావు?" అన్నారు. పాస్ అని రాయమన్నారు. నాకు చెయ్యి రాలేదు. ఆయనే లోపలికి వచ్చి ముద్ర తీసుకుని కొట్టారు.

ఇన్నేళ్ళలో అలాంటి ముద్ర అదొక్కటే. రాత్రి భోజనం చెయ్యలేదు. నీకు మెప్పు వచ్చింది కదా, ఉంచుకో.

అక్క

సెప్టెంబర్ 30

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివాక ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాను. మీ మరదలు చదివి, "ఒక్క ఫోను చేసి అడగాల్సింది, అక్కా ఇది నిజంగా కావాలా అని" అంది. బావకి తెలియకూడదన్నావని ఫోను చెయ్యలేదు, ఆ వంక కూడా ఉంది నాకు. కానీ నిజం చెప్పాలంటే అడగాలని తోచనే లేదు. మీకు మేలు చేస్తున్నానన్న సంతోషంలో ఉన్నాను.

మర్నాడే రద్దు చెయ్యమని నోట్ పెట్టాను. ఫెయిళ్ళు ఎందుకు తగ్గాయో కూడా రాశాను. మా పై అధికారి చదివి పక్కన పెట్టారు. "మొన్న నువ్వే కదా చెప్పావు, మీ బావగారి అనుభవం అని?" అన్నారు. నేనే ఫైలు పట్టుకుని ఆర్థిక శాఖకి వెళ్ళాను. పెద్దాయన తిట్టలేదు, కూర్చోమన్నారు. ఈ ఫీజు మీద వచ్చే రాబడి ఈ ఏడాది అంచనాల్లో ఎక్కేసిందట, దానికి ఎదురుగా ఖర్చు కూడా రాసేశారట, పాత అప్పుల వడ్డీకి. "తీసేస్తే ఆ గుంట నువ్వు పూడుస్తావా?" అన్నారు. వచ్చే ఏడాది బడ్జెట్‌లో చూద్దామన్నారు. ఆ ఫీజు పెట్టడానికి ఎవరూ ఇన్ని ప్రశ్నలు వెయ్యలేదు.

ఇలాంటివి ఎన్నో ఫైళ్ళు నా చేతి మీదుగా పోయాయి అక్కా. ఏది ఎవరి గుమ్మం దగ్గర ఆగుతుందో ఎప్పుడూ చూడలేదు. ఇది మీ గుమ్మం కాబట్టి కనిపించింది.

డిపోలో ఆ పని ఇంకా ఖాళీగా ఉందా? ఉంటే బావని వెళ్ళమను. ఒక్క లారీయే కదా అని ఆయనకి చెప్పు. నాకు చెప్పే ముఖం లేదు. అయినా వస్తాను. తిట్టినా పడతాను, ఎదురుగా నిలబడాలి.

తమ్ముడు

అక్టోబర్ 14

తమ్ముడూ,

కోపం పోయింది. దాంతోపాటు ఇంకేదో కూడా పోయినట్టుంది, మనసంతా ఖాళీగా ఉంది.

నీ ఉత్తరం వచ్చేసరికే మీ బావ లైసెన్సు తిరిగి ఇచ్చేశారు. నాకు చెప్పకుండా వెళ్ళి ఇచ్చి వచ్చారు. ఎందుకండీ, రేపోమాపో మా తమ్ముడు ఆ ఫీజు తీయిస్తాడేమో అన్నాను. "తీస్తే మంచిదే. నేను మాత్రం ఒకసారి కొట్టాను కదా, రెండోసారి ఇంకా తేలిక" అన్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చి రోలర్లకి సీలు వేసి వెళ్ళాడు. డిపోలో ఆ పని ఎప్పుడో నిండిపోయింది. దానికి అడ్డం పడింది నేనే, నువ్వు కాదు. ఆగస్టులోనే గట్టిగా అరవాల్సింది పోయి, సంతోషం అని రాసింది కూడా నేనే. నీ మనసు కష్టపెట్టకూడదనుకున్నాను. ఇద్దరం ఒకరినొకరు నొప్పించకుండా మధ్యలో ఆయన్ని ముంచాం.

నిన్ను ఒక్క మాట అనలేదు ఆయన. "వాడు మన మంచికే చేశాడు" అంటారు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఉన్న బాధ ఆ మినీ లారీ. ఆ బండి మార్కెట్‌కి వెళ్ళి సాయంత్రం కొండ రోడ్డు దిగి మన వీధి మలుపులోంచే ఇంటికి పోతుంది. రోజూ ఆ టైముకి మీ బావ వెళ్ళి మలుపులో నిలబడుతున్నారు. అది కనిపించేదాకా ఇంటికి రారు. నేను డ్రైవరుని ఆపి అడిగాను. "ఆ వారంలోనే లైనింగ్ మార్పించాను అక్కా, అన్నకి చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆ డ్రైవరే స్వయంగా వచ్చి, చక్రం విప్పి చూపిస్తానని కూడా అన్నాడు, పాపం. "లైనింగ్ కనిపిస్తుంది, పట్టు కనిపించదు, అది రోలర్ల మీదే తెలియాలి" అన్నారు మీ బావ. మన రోలర్లకి సీలు. సరేలే దగ్గర చూపించి కాగితం తెస్తే నమ్ముతారా అన్నాను. "కాగితానిదేముంది, నేనూ ఇచ్చాను కదా" అన్నారు.

నిన్న వాన. బండి రాలేదు. చీకటి పడుతున్నా ఆయన కదల్లేదు. గొడుగు పట్టుకుని వెళ్ళి పక్కన నిలబడ్డాను. చివరికి వచ్చింది. మలుపులో వేగం తగ్గించినప్పుడు మీ బావ వంగి వెనక చక్రమే చూశారు. డ్రైవరు చెయ్యి ఊపాడు, ఈయన చూడలేదు. అప్పుడు ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు.

వస్తానన్నావు, రా. నీకు పక్క వేసి ఉంచుతాను. కానీ పొద్దున బండికే రా. సాయంత్రం వస్తే ఆయన ఇంట్లో ఉండరు.

అక్క